మావ మేకు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్ళే దారిలో, మా అమ్మమ్మగారి ఊరికి బస్సు దిగే చోట ఒక టిఫిను హోటలుంది. దానికి బోర్డు లేదు. వెనకటికి ఉండేదట, గాలివానకు పోయింది. అందరూ గోడ హోటలు అంటారు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా కనిపించే గోడ నిండా ఫొటోలే. దేవుళ్ళవి కావు, నాయకులవి కావు, చెడుగుడు ఆటగాళ్ళవి. గెడ్డకి, అంటే మధ్యలో పారే వాగుకి, ఇవతల మా ఊరు, అవతల మా అత్త పుట్టిన ఊరు, ఆ చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళు, వీటిల్లో పేరు మోసిన కూతగాళ్ళూ పట్టుగాళ్ళూ అందరూ అక్కడ వరసగా ఉంటారు. ఒక్కో ఫొటో కింద పెయింటుతో ఒక్క ముక్క రాసి ఉంటుంది. ఒకాయన కింద ‘ఒక్క కూతకి నలుగురు’ అని, ఇంకొకాయన కింద ‘ఆపని ఊపిరి’ అని.

ఆ గోడ ఎక్కాలంటే ముందు ఆట ఆడి ఉండాలి. తర్వాత పోయి ఉండాలి. ఈ రెండోది ఎవరూ పెట్టిన రూలు కాదు. మా వైపు మనిషి ఫొటో గోడకి కట్టి దండ వేశారంటే ఆ మనిషి లేడనే లెక్క. బతికున్నవాడి కోసం మేకు కొట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఆ రెండూ కుదిరాక, దినకార్యం అయిన తర్వాత వచ్చే ఆదివారం పొద్దున్న హోటల్లో కూర్చున్నవాళ్ళు ఆ మనిషి ఆట గురించి వాదించుకుంటారు. ఒక్కరు కాదన్నా ఫొటో ఎక్కదు. నేను శ్రీకాకుళంలో బీమా పాలసీలు అమ్ముకుని బతికేవాణ్ణి. మనిషి పోయాకే ఫలం దక్కే ఏర్పాటు నాకేమీ వింతగా తోచలేదు.

నన్ను ఆ హోటలుకి అలవాటు చేసింది మావ, అంటే మా అమ్మ తమ్ముడు. డెబ్బై దాటినా ఇప్పటికీ తన మడి తనే చూసుకుంటాడు. ఒకప్పుడు మా ఊరి జట్టులో పట్టుగాడు. కూతకొచ్చినవాడి మడమ దొరికిందంటే ఇక వాడు వెనక్కి పోవడం కల్ల అని పేరు. ఆదివారమైతే భుజాన తువ్వాలు వేసుకుని హోటలుకి వచ్చేస్తాడు. నేనూ బండి మీద శ్రీకాకుళం నుంచి వస్తాను. ఇంట్లో అడిగితే కొత్త పాలసీ ఒకటి ఉందంటాను.

అక్కడ జరిగే వాదనలు వినడానికి ఎంత దూరమైనా రావచ్చు. ముప్ఫై ఏళ్ళ ఆటో డ్రైవరు ఒకడున్నాడు, టీవీలో వచ్చే కబడ్డీ ఒక్క మ్యాచీ వదలడు. ఫోను తీసి అందరి ముక్కు కింద పెడతాడు.

“ఈడు ఒక్క ఏడు తెచ్చిన పాయింట్లు సూడండి. ఈ గోడ మీదోళ్ళందరూ కలిపినా ఇన్ని తెస్తారేటి?”

“పరుపు మీద ఆడమంటే నానూ ఆడతాను,” అంటాడు హోటలాయన పెసరట్టు తిరగేస్తూ. “కోత కోసిన మడిలో పడమను, మోకాలిసిప్ప ఉంటాదో ఊడతాదో తెలస్తాది.”

అప్పుడు డ్రిల్లు మేస్టారు కలగజేసుకుంటారు. బొబ్బిలి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి, ఇక్కడే ఇల్లు కట్టుకుని, ఇక్కడే రిటైరైన మనిషి. ఈ చుట్టుపక్కల జరిగిన పెద్ద ఆటలన్నిటికీ ఆయనే రిఫరీ. తాళాల గుత్తికి ఇప్పటికీ విజిలు తగిలించుకుని తిరుగుతారు, వాదన శ్రుతి మించితే హోటల్లోనే ఊదుతారు. “రాసి పెట్టని దాన్ని రికార్డు అనకూడదయ్యా,” అని మొదలుపెట్టి, తర్వాత గంటసేపు ఎవరూ రాసి పెట్టని రికార్డులే చెప్తారు. ‘ఒక్క కూతకి నలుగురు’ ఆయన నా చిన్నప్పుడు ముగ్గురినే కొట్టాడు. నలుగురని పెయింటు వేసినా, మాటల్లో ఇప్పుడు ఐదుగురికి వచ్చింది. ఇంకో పదేళ్ళు పోతే అవతలి జట్టులో మనుషులు చాలరు.

పోయినవాళ్ళ గురించి అయిపోయాక ఉన్నవాళ్ళ ఛాన్సుల గురించి మాట్లాడతారు. ఆ ఉన్నవాళ్ళు పక్క బల్ల మీదే కూర్చుని పూరీలు తింటుంటారు. “నీకు గ్యారంటీ బావా, అన్నీ ఉన్నాయి, ఒక్క పనే మిగిలిపోనాది,” అంటే ఆ బావ నవ్వుతూ ఇంకో పూరీ చెప్తాడు. ఒకసారి ఒక మాజీ ప్రెసిడెంటుగారి పిల్లలు వాళ్ళ నాన్న ఫొటోతో పాటు హోటలుకి సీలింగు ఫ్యాను కూడా పంపించారు. ఆయన ఎప్పుడూ గీత దాటి ఆడలేదనీ, బయట కూర్చుని అరటిపళ్ళు పంచేవాడనీ మేస్టారు అడ్డం పడ్డారు. ఫొటో వెనక్కి పోయింది. ఫ్యాను ఇప్పటికీ తిరుగుతోంది.

ఇంత సరదాలోనూ మావ ఛాన్సుల గురించి ఎవరూ మాట్లాడేవాళ్ళు కాదు. అదొక పాత సంగతి.

మావకి పెళ్ళి కాకముందు, అవతలి ఊళ్ళో అమ్మవారి సంబరాలకి చెడుగుడు పోటీలు పెట్టారు. ఫైనల్లో మా ఊరూ ఆ ఊరూ సమానంగా వచ్చేశాయి. ఆఖరి కూతకి వచ్చింది మా అత్త అన్న. అప్పటికింకా మాకు చుట్టం కాదు, ఆ వైపు ఎదురులేని కూతగాడు, అంతే. మావ అతని మడమ పట్టేశాడు. రెండు చేతులా పట్టాడు. అతను గీత వైపు జరుగుతున్నాడు, మావ వెనక్కి లాగుతున్నాడు, రెండూళ్ళూ లేచి నిలబడ్డాయి. ఉన్నట్టుండి మావ చేతులు వదిలేశాయి. అతను గీత తాకాడు. మేస్టారు విజిలు ఊదారు. మా ఊరు ఓడిపోయింది.

అక్కడితో పోయేదే. కానీ ఆ ఏడు పంటలు ఇళ్ళకొచ్చాక మావకి పెళ్ళి కుదిరింది, పెళ్ళికూతురు ఆ కూతగాడి చెల్లెలు. ఇంకేముంది, ఊరు రెండూ రెండూ కలిపి ఐదు చేసింది. పిల్లనిస్తామన్నారు కాబట్టే బావ కాలు ఒగ్గేశాడని ఒకరన్నారు. నలుగురూ నమ్మారు. నలభై యాభై ఏళ్ళుగా అదే మాట, మొదట్లో కోపంగా, తర్వాత్తర్వాత వేళాకోళంగా. మా ఊళ్ళో ఎవరైనా చేతిలో పనిని సగంలో వదిలేస్తే “ఏటి, అత్తోరి ఊరా?” అంటారు. మావ ఎప్పుడూ బదులు చెప్పడు, తనూ నవ్వేస్తాడు.

ఆ బావ ఇప్పుడు లేడు. గోడ మీద మధ్యలో ఉన్న ఫొటో ఆయనదే. కింద ‘ఎవరికీ చిక్కని కాలు’ అని రాసి ఉంటుంది. మావ ప్రతి ఆదివారం సరిగ్గా దాని ఎదురుగానే కూర్చుని టీ తాగుతాడు.

పోయిన ఏడు మావ జట్టులోని ఒక పాత ఆటగాడు కాలం చేశాడు. ఆదివారం హోటల్లో ఆయన గురించి చెప్పుకున్నారు. ఎంత బాగా చెప్పారంటే, ఆయన బతికుండగా ఇంత గొప్పవాడని నాకు తెలియనందుకు సిగ్గేసింది. ఎవరూ కాదనలేదు, ఫొటో ఎక్కింది. తిరిగొస్తుంటే గెడ్డ గట్టు మీద మావ ఆగిపోయాడు.

“ఒరే అల్లుడూ, ఆడు బతికున్నప్పుడు ఒక్కడైనా ఈ మాటలు ఆడికి సెప్పినాడేటి?”

“చచ్చినవాడి కళ్ళు చారెడంటారు కదా మావా.”

“నా కళ్ళు ఉన్నప్పుడే కొలమను.”

నేను నవ్వాను. మావ నవ్వలేదు.

“నాకు ఫొటో అక్కర్నేదురా. నా ఆట గురించి ఆల్లు ఏటి తేలుస్తారో నా సెవులతో ఇనాల. నాను అమ్ముడుపోనానో నేదో తేలిపోవాల. పోయినాక తేలితే నాకేటి తెలస్తాది?”

“ఎందుకు వదిలేశావో నువ్వే చెప్పెయ్యొచ్చు కదా?”

“నాను సెప్తే అది సాకు అవతాది,” అని నడక సాగించాడు.

ఆ మనిషి అన్నేళ్ళు నవ్వుతూ మోసిన బరువు నాకు ఆ గట్టు మీద తెలిసింది. నాకు చాలా కష్టమనిపించింది. హోటలాయనతో మాట్లాడాను. బతికున్న మనిషి గురించి కూర్చోవడం అరిష్టమని మొదట నసిగాడు. మేకు సంగతి తర్వాత, మాటల వరకైతే ఫరవాలేదని చివరికి ఒప్పుకున్నాడు. వచ్చే ఆదివారం అనుకున్నాం.

ఊరికే మాటలెందుకు, ఫొటో కూడా చేయించి మావని సంతోషపెడదామని నాకొక దిక్కుమాలిన ఆలోచన వచ్చింది. శ్రీకాకుళంలో ఒక స్టూడియోకి వెళ్ళి, ఎవరి పెళ్ళిలోనో మావ దిగిన ఫొటో ఇచ్చి పెద్దది చేసి ఫ్రేము కట్టమన్నాను. కౌంటరులో అబ్బాయి పేరడిగాడు, చెప్పాను. “జననం?” అన్నాడు, చెప్పాను. “మరణం?” అన్నాడు. “ఇంకా లేదు,” అన్నాను. మా ఆఫీసులో రోజుకి పదిసార్లు నింపే వివరాలే కాబట్టి నాకేమీ తట్టలేదు. ఆ అబ్బాయికీ తట్టలేదు. తెచ్చినదాన్ని మావ ఇంట్లో, అత్త ఎదురుగా, పేపరు చుట్ట విప్పాను. మావ ముఖం చక్కగా వచ్చింది. చుట్టూ మల్లెపూల దండ వేసి ఉంది, అచ్చులోనే. కింద రెండు దీపాలు. ఆ దీపాల మధ్య జననం పక్కన సంవత్సరం, మరణం పక్కన ఖాళీ.

అత్త చాలాసేపు దాన్ని చూసింది. “నీ తెలివి తెల్లారినట్టే ఉన్నాదిరా. ఆ కాళీ ఎవుల కోసరం ఒగ్గినారు?”

“అలవాటుగా వచ్చేసిందత్తా.”

“మనిషి కల్లెదురుగా కూకుని మజ్జిగ తాగతన్నాడు. ఈ బొమ్మ ఆ గోడెక్కిందంటే ఊరుకోను, సెప్తన్నాను.”

మావ మాత్రం ఫొటో చేతిలోకి తీసుకుని, “దీపాలు బాగున్నాయి,” అన్నాడు. అత్త దాన్ని లాక్కుని గోడ వైపు తిప్పి పెట్టేసింది. ఆ రోజు నాకు చేపల పులుసు రెండోసారి వడ్డించలేదు.

ఆదివారం వచ్చింది. మావ కొత్త పంచె కట్టుకుని వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు. మొదట బాగానే సాగింది. హోటలాయన మావ పట్టిన పెద్ద పెద్ద కూతగాళ్ళని వరసగా చెప్పుకొచ్చాడు. ఆటో డ్రైవరు కూడా, టీవీలో మడమ పట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా రెండు చేతులా నిలబెట్టేవాళ్ళు తక్కువని ఒప్పుకున్నాడు. మావ చెవులు నిక్కబొడుచుకుని వింటున్నాడు. ముఖంలో వెలుగొచ్చింది. ఇక అయిపోయినట్టే అనుకుని నేను టీలు చెప్పాను.

మేస్టారు గొంతు సవరించుకున్నారు.

“మంచి మనిషి, నాకు స్నేహితుడు. ఎదురుగా ఉన్నాడని అబద్ధం చెప్పలేను. ఆ ఫైనల్ రిఫరీని నేనే. గీత పక్కనే ఉన్నాను. ఆ పట్టు జారలేదు, ఎవరూ విడిపించలేదు. తనే చేతులు తెరిచాడు. ఎందుకు తెరిచాడో నాకు తెలీదు, ఊరు చెప్పిందే నేనూ విన్నాను. చేతికి చిక్కిన కాలు వదిలేసినవాణ్ణి పట్టుగాడని గోడ మీద ఎలా రాస్తాం? నేను ఒప్పుకోను.”

మావ టీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. అడిగి మరీ చెప్పించుకున్న మాట అది. నాకు మేస్టారి మీద ఒళ్ళు మండిపోయింది, కానీ ఆయన అన్నదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

“మేస్టారూ.”

గుమ్మంలో అత్త. చేతిలో బియ్యం సంచి, అందులోంచి ఫ్రేము మూల బయటికి కనిపిస్తోంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు ఆ హోటల్లోకి రారు. ఆ ఫొటో చూపించి, ఇది గోడెక్కకూడదని హోటలాయనకి గట్టిగా చెప్పి పోదామని వచ్చిందట, మేస్టారి మాటలు చెవిన పడ్డాయి.

“ఆ రోజు ఆట అయిపోనాక మా అన్న నడవడం మీరు సూసినారేటి?”

మేస్టారు అత్త వైపు తిరిగారు. “నడవడం ఏంటమ్మా? భుజాల మీద ఎత్తుకుని ఊరేగించారు కదా.”

“అదీ. ఊరందరూ ఎత్తుకున్నారు, నడిపించినోడు ఒక్కడూ నేడు. మా గుమ్మం కాడ దించీసి పోనారు. లోపటికి పాక్కుంటా ఒచ్చినాడు మా అన్న. మడమ ఇంత లావు పొంగిపోనాది. ఉప్పు కాపడం ఎట్టింది నాను, సింతాకు ఉడకేసి కట్టింది నాను. ఏటయినాదిరా అన్నా అంటే అప్పుడు సెప్పినాడు. ‘కాలు టక్కుమన్నాదే. నాకూ ఇనిపించినాది, పట్టినోడికీ ఇనిపించినాది. ఇనీసి ఒగ్గీసినాడు. ఇంకొక్క లాగు లాగుంటే నాకు కాలు నేదు’ అన్నాడు. ఎవులికీ సెప్పొద్దన్నాడు. ఒగ్గీబట్టి గెలిసినాడంటే ఆడికి సిన్నతనం కదా.”

పెనం మీద పెసరట్టు మాడుతున్న వాసన వస్తోంది.

“పంట ఇంటికొచ్చినాక మా నాయన నాకు సమ్మందాలు సూస్తన్నాడు. మా అన్నే అన్నాడు. ‘గెడ్డకి అవతలోడు ఒకడున్నాడు. గెలుపు సేతిలో ఎట్టుకుని ఎదటోడి కాలు సూసినాడు. మన పిల్లని ఆడికిచ్చీయండి, ఏడిపించడు’ అన్నాడు. మీరేటో సమ్మందం కోసరం కాలు ఒగ్గినాడంటారు. అప్పటికి నానెవులో ఈయనకి తెలీదు. కాలు ఒగ్గినాడనే సమ్మందం ఒచ్చినాది.”

హోటలాయనే ముందు తేరుకున్నాడు. “ఏడిపించనేదా మరి, వదినా?”

“ఏడిపించకేటి? ఆదోరం ఒక్కనాడైనా ఇంట్లో టిపిను తిన్నాడేటి?”

అందరూ నవ్వారు. మేస్టారు నవ్వలేదు. లేచి మావ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశారు. “నా అభ్యంతరం తీసేసుకుంటున్నాను,” అన్నారు.

ఆటో డ్రైవరు ఊరుకునే రకం కాదు. గోడ మీద బావ ఫొటో చూపించాడు. “అయితే మేస్టారూ, ఆ కింద రాసింది తప్పు కదేటి? ఎవరికీ సిక్కని కాలు అన్నారు. అది ఉత్తుత్తి పట్టని ఇన్నాల్లు లెక్కెయ్యనేదు, నిజంగానే సిక్కినాది కదా. అది సెరిపీయాల.”

మాట సబబుగానే ఉంది. హోటలాయన అత్త వైపు చూశాడు. అత్త అన్న ఫొటో వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నిజం చెప్పినందుకు ఆవిడ అన్న పేరు పోతోంది.

“నానొప్పుకోను,” అన్నాడు మావ.

ఆ పొద్దున్న ఆయన నోరు విప్పడం అదే మొదలు.

“బావ గీత తాకినాడు. మేస్టారు విజిలేసినారు. గీత తాకీసినాక ఆ కాలు సిక్కినట్టు కాదు. ఆట ఆటే. అందులో ఒక్క అచ్చరం ముట్టుకున్నా నానొప్పుకోను.”

ఒక్కరు కాదంటే చాలు కదా, ఆ గోడకి. ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు. మావ ఇన్నేళ్ళు ఎందుకు నోరు మూసుకున్నాడో నాకు అప్పుడు పూర్తిగా బోధపడింది. గెడ్డ గట్టు మీద సాకు అవుతుందన్నాడు గానీ, అది సగమే. తను నోరు విప్పితే తన మచ్చ పోయేది, దాంతో పాటు బావ ఫొటో కింద ముక్కా పోయేది. ఆ బావకి ఎదురుగా కూర్చుని వారం వారం టీ తాగుతూ కూడా ఆయన పేరు కాచుకుంటూ వచ్చాడు. మా మావ అని చెప్పుకోవడానికి నాకు అంత గర్వంగా ఎప్పుడూ లేదు.

హోటలాయన ఫొటో కోసం చెయ్యి చాపాడు. అత్త సంచి వెనక్కి దాచుకుంది.

“మాటలు మాటలే. ఈ బొమ్మ మాత్రం నానుండగా గోడెక్కదు. ఎక్కించినారంటే మీ పొయ్యిలో నీల్లోసీసి పోతాను.”

చివరికి మధ్యేమార్గం మేస్టారే చెప్పారు. చోటు మాత్రం ఇప్పుడే ఖాయం చేద్దామన్నారు. ఆటో డ్రైవరు బండి సీటు కింద నుంచి సుత్తి తెచ్చాడు. మేకు ఎవరు కొట్టాలన్న దగ్గర అందరూ వెనకాడారు. మావే లేచి, బావ ఫొటో పక్కన, తన మేకు తనే కొట్టుకున్నాడు. దాని కింద ఏమి రాయాలని హోటలాయన అడిగితే, తర్వాత చూద్దామన్నారు ఎవరో. “తర్వాతంటే నాను సదవనేను కదా, ఇప్పుడే రాయండి,” అన్నాడు మావ. మేస్టారు జేబులోంచి సుద్దముక్క తీశారు. రిటైరై ఇన్నేళ్ళయినా ఆయన జేబులో సుద్దముక్క ఎందుకుందో ఎవరూ అడగలేదు. ‘పట్టూ విడుపూ తెలిసినవాడు’ అని గుండ్రటి అక్షరాలతో రాశారు. మావ పక్కకీ ముందుకీ జరిగి దాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. అత్త గుమ్మంలోంచే చదువుకుని, సంచి చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

ఆ ఫొటో ఇప్పుడు అత్త బీరువాలో చీరల అడుగున ఉంది. మేకు ఖాళీగా ఉంటే బాగుండదని మావ ఆదివారం రాగానే తువ్వాలు తీసి దానికి తగిలిస్తాడు, వెళ్ళేటప్పుడు తీసుకుని భుజాన వేసుకుంటాడు. మొన్నొక రోజు దారిన పోయే ఎవరో టీకి ఆగి, దాని మీద హెల్మెట్టు తగిలించాడు. “బాబూ, అది రిజర్వు,” అన్నాడు మావ మర్యాదగా.

వానల్లో రోడ్డు పాడైపోయి ఒక్కోవారం నేను ఆలస్యంగా చేరతాను. బండి స్టాండు వేస్తూనే గుమ్మంలోంచి లోపలికి చూస్తాను. ఫొటోలని కాదు, బావ పక్కనున్న మేకుని. తువ్వాలు కనిపిస్తే ప్రాణం కుదుటపడుతుంది. అప్పుడు లోపలికి వెళ్ళి రెండు టీలు చెప్తాను.